ముందుగా వచ్చినాయన

అందరూ ఇళ్ల నుంచే పనిచేసిన ఐదేళ్ల తర్వాత తెరిచిన రాజమండ్రి ఆఫీసులో ఎనిమిది మందికి టీలిచ్చి, అప్పాయమ్మ తొమ్మిదో గ్లాసు మూలబల్ల మీద పెట్టింది.

"అదెవరికండీ?" అన్నాడు మేనేజరు అనిల్ కుమార్.

"జీవరాజు గారికండి. పంచదార లేకుండా."

"ఆయన్ని తీసేసి ఏడాదైంది."

అప్పాయమ్మ చెయ్యి ఆగింది. మెట్ల కింద టీకొట్టు నడిపే మనిషి, ముఖం చూసి ఎవరు ఎన్నాళ్లు టీకి వస్తారో చెప్పగలదు. ఈయన దగ్గరే లెక్క తప్పింది.

"అదేంటండీ! ఏడాదిగా రోజూ తొమ్మిదింటికి క్యారేజీతో వచ్చి మెట్ల మీద కూర్చుంటున్నారు కదండీ. తాళం వేసుంది కదండీ అంటే, 'ఆఫీసుకి రమ్మన్నారని ఇంట్లో చెప్పేశానమ్మా, ఇవాళో రేపో తీస్తారు' అనేవారు. మీ అందరికంటే ముందొచ్చింది ఆయనేనండి."

అనిల్ కుమార్ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"ఇప్పుడేరీ?"

"ఇందాక మీరు తాళం తీస్తుంటే చూసి లేచారండి. గోదారి గట్టు దాకా వెళ్లొస్తానన్నారు. క్యారేజీ మెట్ల మీదే వదిలేశారు."

ముఖాలు చూసుకుంటేనే పని సాగుతుందని అందరినీ రప్పించింది అనిల్ కుమారే. జీవరాజును మెయిల్లో తీసేసిందీ ఆయనే. బైకు తాళాలు అందుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు. తనతో సహా లోపలున్నవాళ్లంతా ఇంటి దగ్గర నుంచే ఉద్యోగంలో చేరినవాళ్లు; మీటింగుల్లో కూడా ఎవరూ కెమెరా తెరిచేవారు కాదు.

"అప్పాయమ్మ గారూ, మీరూ రండి. ఆయన ఎలా ఉంటారో మాలో ఎవరికీ తెలీదు."