గూటి మీద తామరాకు

వినండమ్మా, ఒక కొలనులో బుడబుంగ అనే నీటిపిట్ట ఉండేది. దానికి క్షణం తీరిక లేదు. మేతకు వెళ్లే ప్రతిసారీ కాకి కంట పడకుండా గుడ్లను నాచు కింద దాచాలి.

"వదినా, భజనకెప్పుడొస్తావు? దేవుడు నీ మొహం మర్చిపోయుంటాడు" అంది కప్ప.

"గుడ్లు పిల్లలయ్యాక చూపిస్తాలే" అంటూ బుడబుంగ హడావిడిగా మేతకు వెళ్లిపోయింది.

సగం దూరం పోయాక, ఇవాళ గుడ్లు దాచలేదని గుర్తొచ్చింది. వెనక్కి ఈదింది. పైన కాకి తిరుగుతోంది. గూటి మీద మాత్రం ఒక తామరాకు వాలి ఉంది. దాని కింద నాలుగు గుడ్లూ పదిలంగా ఉన్నాయి.

"గాలికి తిరగబడిందిలే" అంది కప్ప.

బుడబుంగ ఊపిరి పీల్చుకుని గుడ్ల మీద కూర్చుంది. "ఆ గాలి రోజూ నా గూటి చుట్టూనే తిరుగుతోంది వదినా. దాన్ని పంపేవాడు నా మొహం మర్చిపోలేదని ఇవాళ చూశాను."