ఎనిమిదో కాపీ

"ఇదీ పట్టలేదండీ," అంటూ షాపతను మూడో మెమరీ కార్డునీ బయటికి లాగాడు. "మీ లాప్‌టాప్ పాతది. ముప్ఫై రెండు జీబీ దాటిన కార్డుని గుర్తుపట్టదు."

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు స్టూలు మీద కూలబడింది. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళు పీకుతున్నాయి. "ముప్ఫై రెండు ఏ మూలకి బాబూ? లోపల చోటే లేదు."

అతను లాప్‌టాప్ తెరిచి చూసి తల గోక్కున్నాడు. "'అమ్మ మాటలు' అన్న ఫోల్డరే ఏడుసార్లు ఉందేంటి మేడమ్?"

"అమ్మ పోయింది. ఆవిడ గొంతున్న ఈ రికార్డింగులూ పోతాయేమోనని భయం వేసినప్పుడల్లా ఇంకో కాపీ చేసుకున్నాను."

"ఏడూ ఇందులోనే ఉన్నాయి కదండీ! ఇది పాడైతే ఏడూ పోతాయి. ఒకటుంచి మిగతావి తీసేస్తే బోలెడు చోటు. ఇంకో కాపీ కార్డులో ఎక్కించి వేరే ఇంట్లో పెట్టండి. అయినవాళ్ళెవరూ లేరా?"

నర్సు కళ్ళు మూసుకుంది. నిరుడు చెల్లెలు ఈ రికార్డింగులే పంపమని అడిగింది. "అమ్మ మంచాన పడితే రానిదానివి, ఇప్పుడెందుకే?" అని తనే ఫోను పెట్టేసింది.

"చెల్లెలుంది," అంది చివరికి.

"అయితే ఆవిడ లాప్‌టాప్‌లో ఏ కార్డు పడుతుందో కనుక్కోండి. అదే ఇస్తాను."

అడగకుండా తెలిసే దారి లేదు. ఏడాది తర్వాత ఆ నంబరు నొక్కింది.

"ఏమే... అమ్మ మాటలు పంపిద్దామని. నీ లాప్‌టాప్‌లో ఏ కార్డు పడుతుంది?"



"నువ్వేదిస్తే దానికి తగ్గ లాప్‌టాప్ కొనుక్కుంటానక్కా."