దగ్గితే చాలు

"ఇంత పొడి ఎందుకే? ముసలాళ్ళు కూడా వస్తారు. ఊపిరాడకపోతే?" అంది ఒర్సొలా.

"ఏమీ కాదు. నాలుగు దగ్గులు దగ్గుతారు. మనక్కావలసిందీ అదే కదా."

వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన మిరియాల పొడిని అపొల్లోనియా రుమాలులో పోసి మూట కట్టింది. తెగిపోయిన వయొలిన్ తీగ ముక్క చుట్టి గట్టిగా ముడి వేసింది.

"ఇవాళ సాంబ్రాణి సిద్ధం చేసే వంతు నీదేగా. అందులో కలిపెయ్. నేను వాయించే ముందు ధూపం వేస్తారు. ఆ తర్వాత దేవుడే చూసుకుంటాడు."

"దేవుడు చూస్తాడనే నా భయం," అంది ఒర్సొలా మూట జేబులో వేసుకుంటూ.

వెనిస్‌లోని ఆ అనాథ బాలికల ఆశ్రమం చర్చిలో చప్పట్లు కొట్టకూడదు. దేవుడి ముందు ఆ గోల ఏమిటని ఎప్పుడో ఏ బిషప్పో కట్టడి చేశాడు. జనం ఊరుకుంటారా? సంగీతం నచ్చితే దగ్గడం అలవాటు చేసుకున్నారు. మరీ నచ్చితే ముక్కులు చీదుతారు, చెప్పుల కాళ్ళు నేలకేసి రాస్తారు. పరాయి ఊరివాళ్ళు చూస్తే ఊరంతటికీ జలుబు చేసిందనుకుంటారు.

గాస్పరో గురువుగారి సంగీతానికి మాత్రం చాలాకాలంగా ఒక్కరూ దగ్గడం లేదు. అందరికీ నేపుల్స్ బాణీ పిచ్చి పట్టింది. ఆశ్రమం ధర్మకర్త మొరాండి దొర నిన్న పిల్లలందరి ముందే చెప్పేశాడు.

"రేపు కూడా చర్చి ఇలాగే చప్పుడు లేకుండా ఉంటే, గురువుగారూ, మీకు సెలవు. నేపుల్స్ నుంచి ఎవరైనా కుర్రవాణ్ణి పిలిపించుకుంటాం."

"చిత్తం దొరా," అన్నాడాయన.

ఆ చిత్తమే అపొల్లోనియా కడుపు మండించింది.

గురువుగారు పడవవాడి కొడుకు. చిన్నప్పుడు తండ్రి తెడ్డు వేస్తుంటే ఆ ఊపుకి పాడుకునేవాడట. ఇప్పటికీ ఏం రాసినా అడుగున ఎక్కడో ఆ తెడ్డు పడుతూనే ఉంటుంది. ఒర్సొలా చిటికెనవేలు వంకర అయితే, ఆ వేలితో పని పడకుండా ఆమెకి పెద్ద వయొలిన్ లాంటి చెల్లో మీద వాయించే వరసలు రాసిపెట్టాడు. అపొల్లోనియా చిన్నపిల్లగా మొదటిసారి అందరి ముందు వాయించినప్పుడు భయంతో వయొలిన్ విల్లు వణికిపోయింది. ఆయన కసరలేదు. వారం తిరక్కుండా ఆ వణుకుతోనే ఒక పాట కట్టి తెచ్చి, "ఇది నీకొక్కదానికే వచ్చమ్మా" అన్నాడు. ఇవాళ ఆమె వాయించబోయేది ఆ పాటనే మూడు భాగాలుగా పెంచి రాసిన కచేరీ. అలాంటి మనిషిని ముసలితనంలో వీధిలోకి తోస్తారా?

సాయంత్రం పిల్లలందరూ తెల్లబట్టల్లో పైఅంతస్తు ఇనుప జాలీ వెనక కూర్చున్నారు. కింద చర్చి కిటకిటలాడుతోంది. ముందువరసలో మొరాండి దొర అప్పుడే ఆవులిస్తున్నాడు. ఒర్సొలా ఆఖరి నిమిషంలో మెట్లెక్కి వచ్చి చెల్లో అందుకుంది. మొహం పాలిపోయి ఉంది.

"అయిందా?" అని గొణిగింది అపొల్లోనియా.

"అదీ... ఫాదర్ అక్కడే నిలబడి..."

"చూశాడా?"

"లేదు. కానీ..."

"చూడలేదు కదా, చాలు. నోరు మూసుకో, కిందికి వినపడుతుంది."

ధూపం వేశారు. పొగ జాలీలోంచి పైకి వచ్చింది. అపొల్లోనియా ఊపిరి బిగబట్టి విల్లు ఎత్తింది.

మొదటి భాగం అయిపోయింది. ఒక్క దగ్గు లేదు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు, అంతే. మెట్ల తలుపు పక్కన నిలబడ్డ గురువుగారు తల వంచుకున్నాడు. పొడి చాల్లేదా? నిప్పు ఆరిపోయిందా? ఆమె చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇక దాన్ని ఆపలేదు. రెండో భాగానికి కావలసింది ఆ వణుకే. అడుగున ఒర్సొలా చెల్లో తెడ్డు వేస్తోంది. ఆ ఊపు మీద వయొలిన్ చలికి ముడుచుకున్న పసిపిల్లలా వణికి, వణికి, ఎవరో దుప్పటి కప్పినట్టు నెమ్మదించి ఆగింది.

కింద ఒకరు దగ్గారు.

ఇంకొకరు. ఆ మూల నుంచి ముగ్గురు. 'ఇప్పటికి అంటుకున్నాయి మిరియాలు' అనుకుంది అపొల్లోనియా. మూడో భాగం ముగిసేసరికి చర్చి చర్చంతా దగ్గు, చీదుళ్ళు, కాళ్ళ రాపిడి. మొరాండి దొర చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని బుజాలు ఎగిరిపడేలా దగ్గుతున్నాడు.

తర్వాత ఆయనే మెట్లెక్కి వచ్చాడు. "నిన్నటి మాట మరిచిపోండి గురువుగారూ. మీ ఓపిక ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఉండండి."

"చిత్తం దొరా," అన్నాడాయన. ఈసారి తలెత్తి అన్నాడు.

దొర వెళ్ళిపోయాక, పొగ ఇంకా విడిపోని ఆ జాలీ వెనక గురువుగారు గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. "విన్నావా అమ్మా? నేను ముసలివాణ్ణయిపోయాను, నా పాట కూడా ముసలిదైపోయిందనుకున్నాను. ఇంత దగ్గు నేను వయసులో ఉన్నప్పుడు కూడా వినలేదు. మా నాన్న ఉంటే బాగుండేది." కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయాడు.

అపొల్లోనియా ఆయన మొహం చూడలేకపోయింది. ఒర్సొలాతో ఒంటరిగా మిగలగానే ఏడ్చేసింది.

"ఎంత పాపం చేశామే. నాన్న ఉంటే బాగుండేదన్నాడు, విన్నావా? రేపు వెళ్ళి నిజం చెప్పేస్తాను. వాళ్ళు దగ్గింది మీ పాటకి కాదు గురువుగారూ, మిరియాలకి అని."

"చెప్పకు. అసలు నా మాట..."

"నీకేం, నువ్వు ఊరుకోగలవు. ఆ దొంగ మెప్పు పట్టుకుని ఆయన బతుకంతా మురిసిపోతుంటే నేను చూడలేను."

ఒర్సొలా ఇక చెప్పే ప్రయత్నం మానేసింది. జేబులోంచి రుమాలు మూట తీసి, ఆమె అరచేతిలో పెట్టింది.

తీగతో వేసిన ముడి వేసినట్టే ఉంది.