రంగు వేయని జుట్టు

"నీకు దండం పెడతానక్కా, ఒక్క గంట కూర్చో," అంది ఫ్రౌకె. ఆమె ఒక చేతిలో రంగు కలిపిన గిన్నె, మరో చేతిలో కుంచె.

"వద్దన్నానా?" అంది వీబ్కె, తలగుడ్డ ఇంకాస్త బిగించుకుంటూ.

ట్రావెముండె తీరంలో ఫ్రౌకె సెలూన్ తెలియని ఆడవాళ్లు లేరు. శనివారం ఆ ఇసుకలోనే ఆమె పెళ్లి. పక్కన నిలబడాల్సిన సొంత అక్క జుట్టేమో మాడు మీద బూడిదరంగు, కొసల్లో ఎప్పటిదో ఎరుపు.

"నా దగ్గరికొచ్చే వాళ్లంతా నీ తల చూసి నన్నే ఆడిపోసుకుంటున్నారు. సొంత అక్కకే వెయ్యలేనిది మాకేం వేస్తుందని!"

"ఆడిపోసుకోనీ."

"పోనీ రంగు వద్దు. ఇదైనా కొట్టుకో." ఫ్రౌకె ఒక సీసా అందించింది. "ఎండ తగిలినా, బ్లీచ్ తగిలినా ఒకటే. ఇనుముకి తుప్పు పట్టినట్టు వెంట్రుకని లోపల్నుంచి తినేస్తుంది. లోపలున్నదంతా కొట్టుకుపోతుంది. ఇది కొట్టుకుంటే ఎండ ఏమీ చేయదు."

వీబ్కె సీసా వెనక ఏమేం కలిపారో రాసిన చిన్న అక్షరాలను వెలుతురులో పెట్టి చదివింది. మూత కూడా తీయకుండా తిరిగి ఇచ్చేసింది.

"ఇది అసలే వద్దు."

ఫ్రౌకె గిన్నెను బల్ల మీద ఠక్కున పెట్టింది. "మరి ఆ తలగుడ్డెందుకు? ఎండకి భయమే కదా! కాపాడేది ఇస్తే వద్దంటావు. నీతో వేగలేక చస్తున్నాం!"

వీబ్కెకి ఏడుపొచ్చినంత పనైంది. కారణం చెబితే ఒక్క నిమిషంలో తెగిపోయే గొడవ ఇది. కానీ ఇదివరకు తను చెప్పిన మాటలు ఏమయ్యాయో చెల్లికీ తెలుసు, అమ్మకీ తెలుసు. ఈసారి పని అయ్యాకే చెప్పాలి.

"సరేలే," అని ఫ్రౌకె ఉన్నట్టుండి మెత్తబడింది. "కనీసం తలైనా కడగనీ. చేపల వాసనొస్తోంది."

వీబ్కె నవ్వింది. తలగుడ్డ విప్పి, తొట్టిలోకి తల వాల్చి కళ్లు మూసుకుంది. గోరువెచ్చని నీళ్లు. చెల్లి వేళ్లు. ఎన్నాళ్లకో ఒళ్లు తేలికపడింది.

అంతలో ముక్కుకి ఘాటు తగిలింది.

ఒక్క ఉదుటున లేచింది. కుంచె ఎగిరిపడింది. గిన్నె నేల మీద బోర్లా పడి తెల్లటి పలక రాళ్లన్నీ ఎర్రబడ్డాయి.

"తగిలిందా? నా తలకి తగిలిందా?" వీబ్కె అద్దం ముందు జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూసుకుంటోంది.

"లేదు! ఇంకా పెట్టందే ఎలా తగులుతుంది? నీకేమైనా పిచ్చా?"

"నన్ను మోసం చేస్తావా?"

"మోసం గురించి నువ్వు మాట్లాడకు!" ఫ్రౌకె అరిచింది. "ఎప్పుడైనా ఒక్కసారి మా కోసం ఏమైనా చేశావా? నా పెళ్లిక్కూడా నీ పంతమే నీకు ముఖ్యం. రాకు. అసలు రాకు!"

వీబ్కె తడి జుట్టు మీదే గుడ్డ కప్పుకుని వీధిలోకి నడిచింది.

అయినా పెళ్లికి వెళ్లింది. ఆ రోజు ఎండ నిప్పులు కురిసింది. అందరూ పూలు పెట్టుకుని, జుట్టు గాలికి వదిలేసి తిరుగుతుంటే, ఆమె వెడల్పాటి టోపీ కింద గుడ్డ కూడా కట్టుకుని నిలబడింది.

"ఆ టోపీ ఒక్కసారి తీస్తారా?" అన్నాడు ఫోటోలు తీసేవాడు.

"తీయను."

"తీయదులే నాయనా," అంది వాళ్లమ్మ హెడ్డా అందరికీ వినబడేలా. "మహారాణి కదా, కిరీటం తీయదు."

చుట్టాలు నవ్వారు. ఫ్రౌకె నవ్వలేదు. అక్క వైపు కూడా చూడకుండా, "ఆవిణ్ని ఆ చివరికి జరగమనండి," అంది. వీబ్కె జరిగింది. ఫోటోలో ఆమె భుజం ఒక్కటే పడింది.

సోమవారం ఉదయం లూబెక్‌లో ఒక చిన్న గదిలో ఆమె తలగుడ్డ విప్పింది. తెల్లకోటు వేసుకున్న పెద్దావిడ అద్దాలు సవరించుకుని, మాడు దగ్గర జుట్టును ఓపిగ్గా పరీక్షించింది.

"ఈమధ్య రంగుగానీ బ్లీచ్‌గానీ వేశారా?"

"లేదు డాక్టర్."

"ఎవరూ వేయమని పోరలేదా?"

"పోరారు," అంది వీబ్కె.

పెద్దావిడ తల వెనక పెన్సిల్ మందాన ఒక పాయ తీసుకుని దారంతో ముడివేసింది. మాడుకి ఆనించి కత్తిరించి, దాన్ని కాగితంలో చుట్టింది. అప్పుడు వీబ్కె భుజం మీద చెయ్యి వేసి అంది.

"తాగినదంతా వెంట్రుక లోపల దాచుకుంటుందమ్మా, ఇందులో మద్యం జాడ లేదని తేలితే కోర్టు మీ పాపను మీకు తిరిగి ఇచ్చేస్తుంది."