తిరిగి అడగని బంటు

"చెక్!" అన్నాడు దెజో.

ఎవరూ తల తిప్పలేదు.

బుడాపెస్ట్‌లోని ఆ వేడినీళ్ళ కొలనులో దెజో "చెక్" అంటే చాలు, ఛాతీలోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళంతా వచ్చి అతని చదరంగపు రాతిబల్ల చుట్టూ మూగేవారు. ఏళ్ళ తరబడి అదే తంతు.

ఇవాళ అందరూ అవతలి మూల బల్ల దగ్గరున్నారు. కొత్తగా వస్తున్న ముసలాయన కెలెమెన్ అక్కడ ఆడుతున్నాడు. గోడకు వీపు ఆనించి, మెడదాకా నీళ్ళలో మునిగి ఆడటం ఆయన అలవాటు.

దెజో ఆట మధ్యలోనే వదిలేసి, నీళ్ళు చిమ్ముకుంటూ అటు నడిచాడు.

తీరా చూస్తే ముసలాయన ఆడుతున్నది తన ఎత్తే!

తెల్లపావులవాడు ఇంకా కుదురుకోకముందే నల్లపావులవాడు ఓ బంటును ఎరవేసి ఎదురుదాడికి దిగుతాడు. ఆ ఎత్తుకు ఈ ఊరి పేరే పెట్టారు. ఈ కొలనులో మాత్రం అది దెజో సొత్తు.

ఒక్కటే తేడా. దెజో గుర్రం, పోయిన బంటుకు బదులు తీర్చుకోవడానికి వెంటనే పరుగెత్తుతుంది. కెలెమెన్ గుర్రం ఆ ఊసే ఎత్తకుండా బల్ల నడిమధ్యకు దూకింది.

"బంటుకు బదులు తీసుకోవా బాబాయ్?" ట్రామ్ నడిపే ఫార్కాష్ అడిగాడు.

"ఇచ్చేశాంగా. మళ్ళీ అడగడమెందుకు?"

అందరూ నవ్వారు. ఫార్కాష్ గట్టు మీది పొట్లం విప్పి పొగాచ రొట్టె ఒకటి ముసలాయనకు అందించాడు. మొదటి రొట్టె ఎప్పుడూ దెజోదే.

దెజో ఇక ఆగలేకపోయాడు. కాలెత్తి మడమను గట్టు మీద పెట్టాడు.

"దూకుడు గురించి నాకు చెప్తారేంట్రా? ఐదేళ్ళప్పుడే చావుకి చెక్ చెప్పినవాణ్ణి!"

"మొదలెట్టాడ్రా బాబూ! ఆ మడమ కథ మాకు కంఠతా వచ్చు," అన్నాడు ఫార్కాష్.

"ఈయనకి రాదుగా? ఇక్కడే పెద్దాయనా, ఆవిరి గొట్టం పేలింది. ఎవడో నన్ను ఎత్తుకుని బయటపడ్డాడు. ఎవడో ఏమో, మళ్ళీ కనిపిస్తే ఒట్టు. నాకు మాత్రం ఈ మడమొక్కటే కాలింది. రాసిపెట్టి ఉండాలి!"

కెలెమెన్ ఆ మడమ వైపు కాసేపు చూశాడు. బల్ల వైపు తిరిగిపోయాడు.

వినడానికి కూడా పనికిరానా ఈయనకి, అని దెజో పళ్ళు నూరుకున్నాడు.

"ఆదివారం నది అవతలి కొలనువాళ్ళతో పోటీ కదా," అన్నాడు ఫార్కాష్. "ఈసారి మొదటి బల్ల దగ్గర బాబాయిని నిలబెడితే ఎలా ఉంటుందంటారు?"

మొదటి బల్ల దెజోది. చెప్పుకోవడానికి అతనికి ఈ ఊళ్ళో ఉన్నది అదొక్కటే.

"నాకెందుకయ్యా? దెజో ఉన్నాడుగా," అన్నాడు కెలెమెన్ మెల్లగా.

ఆ మాట దెజోకు బిచ్చం వేసినట్టుంది. తిట్టినా అంత మండేది కాదు.

ఆ రోజు బట్టలు మార్చుకునే గదిలో ముసలాయన వీపు అతని కంటపడింది. మెడ నుంచి నడుము దాకా తెల్లటి మచ్చలు.

దెజో తిన్నగా తాళాలిచ్చే ఎటెల్క దగ్గరికి వెళ్ళాడు.

"ఆ ముసలాయన వీపు చూశావా? అంటురోగం! అలాంటివాణ్ణి నీళ్ళలోకి దింపితే మా గతేం కావాలి?"

"అయ్యో, నీకెలా తెలుసు?"

"కళ్ళున్నాయిగా నాకు!"

కొలనులో అలాంటి మాట ఒక్క చెవిన పడితే చాలు. మర్నాడు కెలెమెన్ నీళ్ళలో కాలు పెట్టగానే ఒక్కొక్కరే గట్టెక్కారు. ఫార్కాష్ కూడా తల వంచుకుని ఎక్కేశాడు.

కెలెమెన్‌కు అర్థమైంది. తువ్వాలు వీపు నిండా కప్పుకుని వెళ్ళిపోయాడు.

దెజోకు నీళ్ళు మరింత వెచ్చగా అనిపించాయి.

ఆదివారం మొదటి బల్ల దెజోదే. నల్లపావులు వచ్చాయి. బంటును ఎరవేశాడు. గుర్రం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగాడు. బదులు తీర్చుకోవడానికి పోనివ్వకుండా, దాన్ని నడిమధ్యకు దూకించాడు.

అవతలివాడు తేరుకోలేదు. దెజో గెలిచాడు. కొలనంతా చప్పట్లు.

"చూశారా? ఇదీ నా ఎత్తు!" అంటూ దెజో గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఫార్కాష్ మొదటి రొట్టె తెచ్చి ఇచ్చాడు.

ఎటెల్క వచ్చి పక్కన నిలబడింది.

"కెలెమెన్‌ని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. రోగమూ లేదు, గీగమూ లేదు. ఎప్పుడో ఆవిరికి కాలిన చర్మమట."

"అయితే రమ్మను. ఎవరొద్దన్నారు?" గెలిచిన ఊపులో దెజోకు పెద్దమనసు వచ్చింది.

"ఇంకెక్కడి రావడం? పొద్దున్నే సెగెద్ ఊరెళ్ళే రైలెక్కేశాడు. దెజోకైనా ఒక మాట చెప్పి వెళ్ళమని బతిమాలాను. ఇచ్చేశాంగా, మళ్ళీ అడగడమెందుకు అన్నాడు."

దెజో నవ్వాడు.

"నాకాయన ఇచ్చిందేంటి?"

ఎటెల్క అతని మడమ వైపు చూసింది.

"గొట్టం పేలిన రోజు నిన్ను గుండెకు అదుముకుని పరుగెత్తాడట దెజో, అందుకే ఆయనకు వీపొక్కటే కాలింది."