ఆఫ్‌లో ఉన్న పెట్టె

కరెంట్ ఇవ్వని పెట్టెలో కూడా క్యాన్సర్ కణాలన్నీ చచ్చిపడి ఉన్నాయి.

ఉజ్వల మైక్రోస్కోప్ మీంచి తలెత్తి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. అనుమానం లేదు. ఒక్కటీ మిగల్లేదు.

అమెరికాలో, చాండ్లర్‌లోని ఆ చిన్న ల్యాబ్‌లో ఒకేలాంటి పెట్టెలు రెండున్నాయి. ఒకదాంట్లో రేడియో తరంగాలు వదులుతారు. రెండోది ఆఫ్‌లో ఉంచుతారు. మొదటిదాంట్లో కణాలు చావాలి, రెండోదాంట్లో బతకాలి. ఇప్పటిదాకా అలాగే జరిగింది. తరంగాలు లేకుండానే చస్తే, చంపేది తరంగాలేనని ఎవరు నమ్ముతారు?

పైగా ఇది ఆఖరి పరీక్ష. ఇది నెగ్గితేనే సోమవారం ఆసుపత్రివాళ్ళు తొలి రోగిని ఆ తరంగాలు వదిలే పెద్ద మెషిన్ కింద పడుకోబెట్టనిస్తారు. ఆ తొలి రోగి జానకీదేవి, మెషిన్ తయారుచేసిన యోగానంద్ భార్య. ఇంట్లో ఇంత మెషిన్ పెట్టుకుని నాకు కీమో ఎందుకని, రెండో డోసుకే మానేసి కూర్చుందావిడ.

ఉజ్వల ఆ కణాలున్న గాజుపళ్ళెం చేతిలోకి తీసుకుంది. ప్లాస్టిక్ మూత అంచు ఒకచోట వంకర తిరిగి ఉంది. బాగా వేడి తగిలితే తప్ప అలా తిరగదు. ఎవరో కావాలనే కాల్చారు.

పక్క గదిలో యోగానంద్, కంపెనీ యజమాని చక్రపాణి కాఫీ తాగుతున్నారు. కాకినాడలో ఇంజినీరింగ్ కలిసి చదివినవాళ్ళు. ఆమె చెప్పింది వినగానే చక్రపాణి కప్పు గోడకేసి కొట్టాడు. ల్యాబ్ తాళాలు ఉన్నది మన ముగ్గురి దగ్గరేనని, ద్రోహి ఈ గదిలోనే ఉన్నాడని అరిచాడు. పరీక్ష మళ్ళీ చేసి తీరాలన్నాడు.

యోగానంద్ గొంతు పెంచలేదు.

"ఓడిపోయాక సాకులు వెతక్కూడదమ్మా. వచ్చిన రిజల్ట్ వచ్చినట్టు ఆసుపత్రికి పంపించెయ్."

"సర్, మూత కాలింది. ఇది మన ఓటమి కాదు. ఇది పంపిస్తే ఆంటీ ట్రీట్‌మెంట్ ఆగిపోతుంది."

"ఆగనీ."

ఆ పెద్దమనిషి నిజాయితీకి ఉజ్వల కళ్ళు చెమర్చాయి. చక్రపాణి ఇద్దరి వంకా ఎర్రగా చూసి మెషిన్ గదిలోకి దూసుకెళ్ళాడు. కాసేపటికి యోగానంద్ కూడా అటే వెళ్ళాడు.

ఉజ్వల రిపోర్ట్ మొదలుపెట్టిందో లేదో, లోపల అద్దం భళ్ళున పగిలింది.

ఆమె పరిగెత్తేసరికి యోగానంద్ గాజుపెంకుల్లో వెల్లకిలా పడి ఉన్నాడు. మూతినిండా రక్తం. చక్రపాణి ఆయన గుండెల మీద మోకాలు ఆన్చి ఎడమచేత్తో గొంతు నులుముతున్నాడు. కుడిచేతిలో హీట్ గన్ ఉంది. వైర్ల మీద తొడుగులు బిగించడానికి వేడిగాలి కొట్టే పిస్తోలు అది. ప్లాస్టిక్‌ని క్షణంలో వంచేస్తుంది.

ఉజ్వలకి అంతా అర్థమైపోయింది.

"వదలండి ఆయన్ని."

"నిన్ను చంపి జైలుకి పోతాన్రా," అంటున్నాడు చక్రపాణి. హీట్ గన్ పిడితో మళ్ళీ మూతి మీద కొట్టాడు. ఒక పన్ను ఊడి గాజుముక్కల్లో పడింది. యోగానంద్ కళ్ళు తేలేశాడు.

ఉజ్వల గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పీకి, రెండు చేతులా ఎత్తి చక్రపాణి తల వెనక కొట్టింది. అతను తూలి, ఆమె వైపు తిరిగి, హీట్ గన్ చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. రెండో దెబ్బ ఆ మాటని బయటికి రానివ్వలేదు. పుర్రె దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఆమెకి చేతుల్లో తెలిసింది. చక్రపాణి బోర్లా పడ్డాడు. నెత్తురు మెషిన్ కాళ్ళ దాకా పాకింది.

ఉజ్వల అంబులెన్స్ కోసం 911కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పింది. కోటు విప్పి చక్రపాణి గాయానికి అదిమింది. ఊపిరి ఉంది, ఎగశ్వాసగా.

"ఇంత స్నేహితుడై ఉండి ఎందుకు చేశాడు సర్? ఎవరికి అమ్ముడుపోయాడు?"

యోగానంద్ దగ్గుతూ లేచి కూర్చున్నాడు. పాక్కుంటూ వచ్చి స్నేహితుడి తల ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఆ హీట్ గన్ వాడికి నా సొరుగులో దొరికింది ఉజ్వలా. మూత కాల్చింది నేను. గాజుపళ్ళెంలో చచ్చిన కణం ఒంట్లో కూడా చస్తుందో లేదో నాకు తెలీదు. జానకిది కీమోకి తగ్గే జబ్బు. ఎంత చెప్పినా వినలేదు. మెషిన్ ఓడిపోతే తప్ప తను మళ్ళీ కీమోకి వెళ్ళదు."

దూరంగా సైరన్ వినిపించింది. ఆయన నోట్లోని నెత్తురు మింగాడు.

"ఆ మెషిన్ కింద ఇంకెవరి భార్యయినా పడుకుని ఉంటే, సోమవారం స్విచ్ నేనే వేసేవాణ్ణి."