బలమైనదే ఇవ్వు

"తేలికది చాలక్కా," అన్నాడు కలీం. "మీ కాళ్లకి ఆ బరువుది దండగ."

గుంటూరు బ్రాడీపేటలో కలీం సైకిల్ షాపు ముందు రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. రెండూ కొండదారుల కోసం చేసినవే. ఒకటి సన్నగా, మామూలు సైకిల్‌లాగే ఉంది. మోటారు చిన్నది, బ్యాటరీ చిన్నది. మనం తొక్కుతుంటే వెనకనుంచి ఎవరో కాస్త నెట్టినట్టు ఉంటుంది, అంతే. రెండోది దుక్కలా ఉంది. ఎత్తి ఆటోలో పెట్టాలంటే ఇద్దరు కావాలి. కానీ దాని పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, ఎంత ఎత్తుకైనా లాక్కుపోతుంది.

సిద్దికా రెండింటి చుట్టూ తిరిగింది.

"ఎగుడుదిగుడు మట్టిదారి. ఆఖరి మలుపు దగ్గర నిట్టనిలువుగా ఉంటుంది. తేలికది అక్కడ ఆగిపోతుందా?"

"తొక్కేవాళ్ల బలాన్ని బట్టి అక్కా. మీరైతే ఆగదు."

"బలం సంగతి వదిలెయ్. మోటారు సంగతి చెప్పు."

పక్కనే ఉన్న భర్త మాలిక్ ఆమె మొహంలోకి చూశాడు. వినుకొండలో వాళ్లకి కారంమిల్లు ఉంది. మిల్లు ఆపి మరీ తనని ఇక్కడికి ఎందుకు తీసుకొచ్చిందో అతనికి తెలుసు.

ఆ మలుపు సంగతి కూడా తెలుసు.

సిద్దికా పదో తరగతి చదివేటప్పుడు వినుకొండ అవతలి గుట్ట మీదికి ఆడపిల్లల సైకిల్ పందెం పెట్టారు. మొదట వచ్చిన పిల్లకి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఆఖరి మలుపు దాకా సిద్దికాదే ముందు. వెనకనుంచి వచ్చిన హారిక మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. సిద్దికా సైకిల్‌తో సహా రాళ్లలో పడింది. భుజం ఎముక విరిగింది. పైన పెద్దవాళ్లు అడిగితే, "తనే జారిపడిందండి," అని చెప్పింది హారిక. అందరూ నమ్మారు.

హారిక హాస్టల్‌కి వెళ్లింది. సిద్దికా తల్లితో పాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పెదాలు మండేవి. కళ్లు నలుపుకుంటే కళ్లు మండేవి. ప్రతి మంటకీ హారిక పేరే గుర్తొచ్చేది.

హారిక మంగళగిరిలో కోచ్ అయింది. పిల్లల పక్కన నిలబడి కప్పు పట్టుకున్న ఫొటోలు పేపర్లో వచ్చేవి. సిద్దికా ఆ పేపర్‌ని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టేది. మరుసటి రోజు పొద్దున్నే గుట్ట ఎక్కేది. ఏళ్లు గడిచాయి. పెళ్లయింది, మిల్లు వచ్చింది, గుట్ట ఎక్కడం మాత్రం మానలేదు. ఎన్నిసార్లు పిలిచినా హారిక పందేనికి రాలేదు. "చిన్నప్పటి గొడవలు ఇప్పుడెందుకే," అని నవ్వేసేది.

ఈసారి సిద్దికా ఫోన్‌లో ఒకే మాట చెప్పింది. "ఆదివారం గుట్ట దగ్గరికి రా. రాకపోతే ఆ రోజు ఏం చేశావో నీ దగ్గర నేర్చుకునే పిల్లలందరి ముందూ వచ్చి చెప్తాను."

హారిక నవ్వలేదు.

"ఇప్పుడు నన్ను గెలిస్తే నీకేం వస్తుందే? అదేం గెలుపు?"

"నీకు సాకు మిగలకుండా గెలుస్తాను," అని పెట్టేసింది సిద్దికా.

"రెండూ ఒకసారి నడిపి చూస్తాను," అందిప్పుడు కలీంతో.

ముందు తేలికదాన్ని ఓవర్‌బ్రిడ్జి ఎక్కించింది. మాలిక్ స్కూటర్ మీద వెనకే వెళ్లాడు. ఆమె ఒక కాలు ఊరికే వేలాడేసి, రెండో కాలితోనే తొక్కుతోంది. సగం ఎత్తు వచ్చేసరికి సైకిల్ తడబడి ఆగింది. తిరిగొచ్చి బరువుదాన్ని తీసుకుంది. అలాగే ఒక్క కాలితోనే తొక్కింది. అది పైదాకా ఆగకుండా వెళ్లింది.

"ఒళ్లు అలసిపోకుండా గెలవాలనుకుంటున్నావా?" అన్నాడు మాలిక్. అతని గొంతులో అసహ్యం దాగలేదు. "ఇది వేసుకెళ్లి హారిక మీద గెలుస్తావా? నలుగురూ ఏమనుకుంటారు సిద్దికా?"

"హారిక ఏమనుకుంటుందో అది చాలు నాకు."

"పగ ఉంటే ఉండొచ్చు. కానీ ఇది న్యాయం కాదు."

"నన్ను రాళ్లలోకి తోసిన రోజు న్యాయం ఎవరు చూశారండీ?" ఆమె కలీం వైపు తిరిగింది. "బలమైనదే ఇవ్వు. బ్యాటరీ నిండా ఎక్కించు."



ఆదివారం పొద్దున గుట్ట కింద జనం పోగయ్యారు. పందెం సంగతి మిల్లులో పనిచేసేవాళ్ల ద్వారా ఊరంతా పాకింది. మాలిక్, మరొకతను కలిసి ఆటోలోంచి ఆ బరువు సైకిల్ దించారు. మాలిక్ తల ఎత్తలేదు. ఎవరో గుసగుసలాడారు. ఎవరో నవ్వారు.

కారు దిగి హారిక మెల్లగా వచ్చింది. ఆ సైకిల్‌ని చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఇంత కక్షా?" అంది.

"ఇంతే," అంది సిద్దికా. "ఆ మలుపు దాకా నా పక్కనే రావాలి నువ్వు. అక్కడ నిన్ను ముట్టుకోకుండా దాటి పోతాను. పైకొచ్చాక ఏం జరిగిందో అందరికీ నువ్వే చెప్పాలి."

ఆ మాట అని, నిరుడు లారీ కింద పడి ఎడమకాలు పోగొట్టుకున్న హారిక చేతికి ఆ కొత్త సైకిల్ అందించి, సిద్దికా తన మోటారు లేని సైకిల్ ఎక్కింది.